లేజరుకు సముద్రం లొంగదు

మా అక్క కొడుకు నేవీలో సబ్‌మెరీన్ మీద పనిచేస్తాడు. ఏ సబ్‌మెరీనో, ఎటు వెళ్తుందో వాడు చెప్పడు, మేం అడగం. బయల్దేరే ముందు "కొన్నాళ్ళు ఫోన్ కలవదు మామయ్యా" అని ఒక్క ముక్క చెప్తాడు. మళ్ళీ వాడి గొంతు వినేదాకా విశాఖలో అక్క, ఇక్కడ చెన్నైలో నేను రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంటాం.

మొన్న నవంబరులో వాడు అలా వెళ్ళిన వారానికి అక్క నాకో వీడియో పంపింది. ఆకాశం నుంచి ఆకుపచ్చ గీత ఒకటి సముద్రంలోకి దిగుతుంది. అడుగున నల్లటి సబ్‌మెరీన్ దీపం పెట్టినట్టు వెలిగిపోతుంది. సబ్‌మెరీన్లకు ఇక దాక్కునే చోటే లేదని పెద్ద పెద్ద అక్షరాలు. సాక్ష్యంగా రామసేతు మ్యాపు చూపించారు. నీళ్ళ కింది సేతువునే ఉపగ్రహం లేజరుతో గీసేసింది, ఇక సబ్‌మెరీన్ ఎంత అని. వీడియో వెనకే ఫోన్ వచ్చింది. "ఒరేయ్, నువ్వు లేజర్లతోనే కదా పనిచేస్తావు. సేతువు కనిపించిందంటే మనోడి బోటు కనిపించదేట్రా?"

నేను అంబత్తూరులో ఇరవై ఏళ్ళుగా లేజరు పరికరాలు సర్ది, కొలతలు సరిచూసే పనిలో ఉన్నాను. "కనిపించదక్కా" అని వెంటనే అనేశాను. "ఎందుకని?" అంది. ఫోన్‌లో రెండు మూడు మాటలు చెప్పాను. అవి ఆవిడకు నచ్చలేదు, నిజం చెప్పాలంటే నాకూ నచ్చలేదు. నీళ్ళలో వెలుగు తగ్గిపోతుందంటే సరిపోదు. ఎంత తగ్గుతుంది, లేజరు బలం పెంచితే ఏమవుతుంది, పదేళ్ళ తర్వాత ఇంకా మంచి యంత్రం వస్తే ఏమవుతుంది? ఇవన్నీ తేల్చకుండా ఒక తల్లికి ధైర్యం చెప్పకూడదు. అక్కకు నేను బాకీ పడ్డ జవాబు ఇది.

ముందు రామసేతు సంగతి. ఆ వార్తలో అబద్ధమేమీ లేదు. 2018 సెప్టెంబరు 15న నాసా ఐశాట్‌-2 అనే ఉపగ్రహాన్ని పంపింది. దాదాపు 500 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ, 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజరును సెకనుకు 10 వేల సార్లు కిందికి కొడుతుంది. అసలు పని మంచు పలకల ఎత్తు కొలవడం. తేట నీళ్ళున్న చోట ఆ వెలుగు కొంత లోపలికి దిగి, అడుగును తాకి తిరిగి వస్తోందని తర్వాత తెలిసింది. మన ఇస్రోకు చెందిన ఎన్ఆర్ఎస్‌సీ శాస్త్రవేత్తలు ఆ డేటా తీసుకుని, ధనుష్కోడి నుంచి తలైమన్నార్ దాకా 29 కిలోమీటర్ల సేతువు నీటి కింద ఎలా ఉందో 2024లో మ్యాపు గీశారు. అద్భుతమైన పని. దాన్ని తక్కువ చేసే మాట ఒక్కటి కూడా నేను అనను.

కానీ అక్కడ ఏం కలిసొచ్చిందో చూడండి. నీళ్ళు కొద్ది మీటర్ల లోతే. అడుగున లేతరంగు ఇసుక, పగడపు దిబ్బలు, అంటే వెలుగును బాగా వెనక్కి పంపే నేల. అన్నిటికన్నా ముఖ్యం, సేతువు కదలదు. ఈ నెల మబ్బు పట్టి కనిపించకపోతే మూడు నెలలకు ఉపగ్రహం మళ్ళీ అదే దారిన వస్తుంది. ఏళ్ళ తరబడి పోగైన చుక్కలన్నీ ఒకచోట చేరిస్తే బొమ్మ తయారవుతుంది. ఐశాట్‌-2 ఎంత తేట నీళ్ళలోనైనా చూడగలిగింది 40 మీటర్ల దాకా. సబ్‌మెరీన్ ఒంటికి నల్లటి రబ్బరు పలకలు ఉంటాయి, వందల మీటర్ల లోతున తిరుగుతుంది, నిన్నటి చోట ఇవాళ ఉండదు.

ఐశాట్‌-2 ఒక్కో దెబ్బకు కోట్లానుకోట్ల ఫోటాన్లను, అంటే వెలుగు కణాలను, కిందికి వదులుతుంది. తిరిగి దాని టెలిస్కోపులో పడేవి పదీ పన్నెండు. పొరపాటు చదవలేదు మీరు, పదీ పన్నెండే. అదీ మంచు మీంచి, తెల్లగా మెరిసే నేల మీంచి. నీళ్ళ గొడవ ఇంకా మొదలవనే లేదు.

నీళ్ళ గొడవేమిటో అక్కకు అంకెల్లో కాకుండా కళ్ళకు కట్టేలా చెప్పాలనుకున్నాను. ఆ ఆదివారం తెల్లవారుజామున కాశిమేడు హార్బరుకు వెళ్ళాను. అక్కడి ఫైబరు బోటు పెద్దాయన ఒకరు నాకు చాలాకాలంగా తెలుసు. ముత్తాతల నాడు నెల్లూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం, ఇంట్లో ఇప్పటికీ తెలుగే. నేను పట్టుకెళ్ళింది ఒక గుండ్రటి అల్యూమినియం పళ్ళెం. అడ్డంగా ఒక అడుగు. రెండు పూతలు తెల్ల పెయింటు కొట్టి, మధ్యలో చిల్లు పెట్టి, కింద రెండు కిలోల ఇనుప గుండు కట్టాను. తాడుకు ముడులు పెద్దాయనే వేశారు, బారకొక ముడి. రెండు చేతులూ చాచి తాడు కొలిచి ముడి వేయడం ఆయనకు ఊపిరి తీసుకున్నంత తేలిక. ఆయన బార నా టేపుతో కొలిస్తే 183 సెంటీమీటర్లు, సరిగ్గా ఆరడుగులు.

ఇది నా తెలివేం కాదు. 1865లో ఇటలీలో ఆంజెలో సెక్కి అనే మతగురువు, ఖగోళ శాస్త్రవేత్త కూడా, పోపు గారి ఓడ మీంచి తెల్ల పళ్ళాలు మధ్యధరా సముద్రంలోకి దించి ఎంత లోతున మాయమవుతాయో కొలిచాడు. సముద్ర శాస్త్రజ్ఞులు ఇప్పటికీ వాడే పద్ధతి, పేరు కూడా ఆయనదే.

పొద్దు బాగా ఎక్కాక రేవు దాటి అరగంట వెళ్ళాం. నాలుగు రోజుల కింద వాన కురిసింది. నీళ్ళు ఆకుపచ్చా కాదు, గోధుమా కాదు, టీ డికాషన్‌లో కాస్త పాలు చుక్క వేసినట్టున్నాయి. నీడ పడేవైపు వంగి పళ్ళెం వదిలాను. ఒక బార దిగేసరికి తెలుపు పోయి లేత పసుపు పట్టింది. రెండో ముడి నీళ్ళలో మునిగేసరికి అంచు చెదిరిపోయింది, గుండ్రం అని చెప్పలేని మరక మిగిలింది. మూడో ముడి దగ్గర ఉందా లేదా అనిపించింది. ఇంకో జానెడు వదిలాను, లేదు. పైకి లాగితే మళ్ళీ ఆ మరక. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ మూడు బారల దగ్గరే. అయిదున్నర మీటర్లు. పెద్దాయన తాడు చుట్టుకుంటూ, "ఈ నెలల్లో ఇంతే సార్. పైనుంచి ఏటి నీళ్ళన్నీ ఇటే వస్తాయి. మార్చిలో రండి, అప్పుడు చూడండి" అన్నారు. ఆయన మాట శాస్త్రానికి సరిగ్గా సరిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తూర్పు తీరం వెంబడి ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి నడుస్తుంది, పై నదులు కలిపిన నీళ్ళను మోసుకుంటూ. ఎండాకాలం ముందు అదే ప్రవాహం ఎదురు తిరుగుతుంది.

పట్టపగలు, నిండు సూర్యుడి కింద, ఒక అడుగు వెడల్పున్న తెల్లటి పళ్ళెం, అయిదున్నర మీటర్లు. నా పిడికిట్లో ఉన్న తాడు చివర అది వేలాడుతోందని చేతికి తెలుస్తోంది, కంటికి తెలియడం లేదు.

ఇక లెక్క. అక్క లెక్కలంటే భయపడదు, ముప్ఫై ఏళ్ళు పోస్టాఫీసులో పనిచేసిన మనిషి.

నీళ్ళలో వెలుగు తగ్గే తీరుకు ఒక గుణం ఉంది. ప్రతి మీటరుకూ ఇంత అని తీసివేత కాదు, ప్రతి మీటరుకూ ఉన్నదాంట్లో ఇంత వంతు పోతుంది. మహాసముద్రం నడిమధ్య తేట నీళ్ళలో నీలం ఆకుపచ్చ వెలుగు సుమారు 17 మీటర్లకు సగమవుతుంది. 34కు పావు, 51కి అరపావు. లేజరు దిగాలి, మళ్ళీ ఎక్కి రావాలి, కాబట్టి ఈ కోత రెండుసార్లు పడుతుంది. 100 మీటర్ల లోతు నుంచి రానూపోనూ మిగిలేది 3 వేలలో ఒక వంతు. 200 మీటర్లకు దాదాపు 90 లక్షల్లో ఒక వంతు. 300 మీటర్లకు 2,600 కోట్లలో ఒక వంతు. 500 మీటర్లకు 2 పక్కన 17 సున్నాలు పెడితే వచ్చే అంకెలో ఒక వంతు.

మరి కాశిమేడు నీళ్ళు? పళ్ళెం మాయమైన లోతుతో 1.7ను భాగిస్తే నీళ్ళు వెలుగును మింగే రేటు ఉజ్జాయింపుగా తెలుస్తుందని 1929లోనే పూల్, అట్కిన్స్ అనే ఇద్దరు చూపించారు. నా అయిదున్నర మీటర్లకు లెక్క కడితే, వెలుగు ప్రతి 2.2 మీటర్లకూ సగమైపోతోంది. ఆ నీళ్ళలో 30 మీటర్ల లోతు, నడిసముద్రంలో 200 మీటర్ల కన్నా చీకటి.

ఇప్పుడు ఒక ఊహా ఉపగ్రహం కడదాం, ఉదారంగా. ఒక్కో దెబ్బకు ఒక జౌలు శక్తి, ఇది ఐశాట్‌-2 కొట్టే దెబ్బకు వేల రెట్లు. ఫోటాన్లలో చెప్పాలంటే 27 పక్కన 17 సున్నాలు. మీటరు అద్దం ఉన్న టెలిస్కోపు. ఎత్తు 500 కిలోమీటర్లు. గాలిలో రానూపోనూ సగం పోతుంది. నల్లటి రబ్బరు ఒళ్ళు నూటికి నాలుగు ఫోటాన్లు వెనక్కి పంపుతుందనుకుందాం. అవి అన్ని దిక్కులకూ చెదిరిపోతాయి, అందులో 500 కిలోమీటర్ల దూరాన ఉన్న ఒక్క మీటరు అద్దంలో పడాలి. అద్దాలు, ఫిల్టర్లు, డిటెక్టరు తినేది కూడా తీసేస్తే, నీళ్ళు అసలు ఏమీ మింగకపోయినా చేతికొచ్చేది 9 వేల ఫోటాన్లు. దీన్ని పై కోతలతో భాగించండి. తేట నీళ్ళలో 100 మీటర్ల లోతున్న సబ్‌మెరీన్ నుంచి 3 ఫోటాన్లు. 200 మీటర్ల నుంచి, వెయ్యిసార్లు కొడితే ఒకటి. 500 మీటర్ల నుంచి ఒక్క ఫోటాన్ రావాలంటే, సెకనుకు 10 వేల చొప్పున ఆపకుండా కొడుతూ 80 ఏళ్ళు కూర్చోవాలి, అన్నాళ్ళూ సబ్‌మెరీన్ కదలకుండా ఉండాలి.

ఈ లెక్క కాగితం మీద వేసుకున్న రాత్రి నాకు బాగా నిద్రపట్టింది.

"పదేళ్ళలో లేజర్లు ఇంకా బలమైనవి వస్తాయి కదా" అని మా ఆఫీసులో కుర్రాడు ఒకడు అడిగాడు. అందరూ వేసే ప్రశ్నే, మంచి ప్రశ్నే. జవాబు ఆ సగాల్లోనే ఉంది. లేజరు బలం రెట్టింపు చేస్తే తేట సముద్రంలో మీకు అదనంగా దొరికేది 9 మీటర్లు. పదింతలు చేస్తే 29 మీటర్లు. కాశిమేడులో అయితే పదింతల బలానికి దొరికేది 4 మీటర్లు కూడా కాదు, రెండు బారలు. నా ఊహా ఉపగ్రహం ఒక జౌలు చొప్పున సెకనుకు 10 వేలు కొట్టాలంటే, లేజరు వెలుగే 10 కిలోవాట్లు. వాడే కరెంటులో పదో వంతు వెలుగైతే గొప్ప, అంటే 100 కిలోవాట్లు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం పెద్ద పెద్ద సౌర రెక్కలు చాచి తయారుచేసుకునే కరెంటు ఆ మాత్రమే. దాన్ని పదింతలు చేసి 29 మీటర్లు కొనుక్కుంటారు, సబ్‌మెరీన్ ఒకసారి ముక్కు కిందికి వంచి ఆ 29 మీటర్లు తీసేసుకుంటుంది. ఆకాశంలో కోట్లు పోసినవాడికీ, నీళ్ళలో కాస్త దిగినవాడికీ మధ్య ఈ బేరం ఎప్పటికీ దిగినవాడి వైపే మొగ్గుతుంది. కారణం ఇంజనీర్ల చేతకానితనం కాదు, నీటి అణువుల స్వభావం.

ఆ స్వభావం గురించి మొట్టమొదట గట్టిగా ఆలోచించినవాళ్ళలో ఒకాయనకు మన ఊళ్ళతో సంబంధం ఉంది. సర్ సి.వి. రామన్ చిన్నప్పుడు చదువుకున్నది విశాఖపట్నంలో, తండ్రిగారు అక్కడ ఎ.వి.ఎన్. కాలేజీలో లెక్చరరు. తర్వాత ఇక్కడ మెరీనా ఎదురుగా ప్రెసిడెన్సీ కాలేజీ. రెండూ సముద్రం కనిపించే ఊళ్ళే. 1921లో ఇంగ్లండు నుంచి నార్కుండా అనే ఓడలో తిరిగి వస్తూ, మధ్యధరా నీలం చూసి ఊరుకోలేదాయన. ఆకాశం ప్రతిబింబమే సముద్రపు రంగు అని అప్పటికి పెద్దవాళ్ళు చెప్పిన మాట. రామన్ జేబులో ఉన్న నికోల్ పట్టకంతో ఆ ప్రతిబింబాన్ని తెగ్గోసి చూస్తే నీలం పోలేదు, ఇంకా చిక్కబడింది. నీళ్ళే వెలుగును చెదరగొడుతున్నాయని తేల్చాడు. మెరీనా ఇసుకలో నడిచినప్పుడల్లా నాకు ఆ కాలేజీ ఎర్ర భవనం కన్నా ముందు ఆ పట్టకం గుర్తొస్తుంది. ఎరుపును నీళ్ళు మింగేస్తాయి, నీలాన్ని కాస్త పోనిస్తాయి, పోనిచ్చిన దాన్ని కూడా చెదరగొడతాయి. సముద్రంలోకి లేజరు వేయాలనుకునే ప్రతివాడూ నీలం ఆకుపచ్చల మధ్య సన్నటి సందులోంచే దూరాలి. ఇంకో తలుపు లేదు.

చైనా సంగతి అడుగుతారు. 2018 అక్టోబరులో హాంకాంగ్ పత్రిక ఒకటి రాసింది: చింగ్‌డావ్‌లోని సముద్ర పరిశోధనశాల గువాన్‌లాన్ అనే పేరుతో లేజరు, రాడారు కలిపిన ఉపగ్రహానికి పూనుకుందని, 500 మీటర్ల లోతు దాకా చూడడం గురి అని. వీడియోల్లో తిరిగేదంతా ఆ వార్త పిల్లలే. గురి పెట్టుకోవడం వేరు, అందుకోవడం వేరు. ప్రపంచంలో ఉన్న అతి తేట నీళ్ళలో, ఇంకా నీలం వైపు జరిగి, కోత సగమే పడుతుందనుకుని నా లెక్క మళ్ళీ వేసి చూశాను. 500 మీటర్ల నుంచి ఒక్క ఫోటాన్ కోసం 50 వేల దెబ్బలు. ఉపగ్రహం సెకనుకు 7 కిలోమీటర్లు పరుగెడుతుంది, వంద మీటర్ల సబ్‌మెరీన్ మీద దాని చూపు ఉండేది సెకనులో డెబ్బయ్యో వంతు. సముద్రంలో ఉష్ణోగ్రత పొరలు, ప్లాంక్టన్, ప్రవాహాలు చదవడానికి అటువంటి పరికరం గొప్పగా ఉపయోగపడుతుంది. నాసా, ఫ్రాన్స్ కలిసి 2006లో పంపిన కాలిప్సో ఉపగ్రహం మబ్బుల కోసం వెళ్ళి, రాత్రిపూట పైకొచ్చి పగలు లోతుకు దిగే చిన్న ప్రాణుల వలసను ప్రపంచమంతటా చూపించింది. చైనావాళ్ళ శాస్త్రాన్ని నేను గౌరవిస్తాను. సబ్‌మెరీన్ వేట అనే మాటనే నమ్మను.

డిటెక్టర్లు మెరుగవుతాయి అనే వాదన ఇంకా బలహీనం. ఇప్పటికే ఒక్కొక్క ఫోటాన్‌నూ లెక్కపెట్టే డిటెక్టర్లు పైన ఉన్నాయి. ఒకటికి తక్కువ ఎవరూ లెక్కపెట్టలేరు. రాని ఉత్తరాన్ని పోస్ట్‌మ్యాన్ ఎంత చురుకైనవాడైనా పంచలేడు. ఈ ఒక్క మాటకే అక్క "అవును కదా" అంది. కృత్రిమ మేధ అయినా అంతే, దానికి నమలడానికి గింజ ఉండాలి.

నా పనిలో రోజూ చూసే ఇంకో చిక్కు చెప్తాను. 100 మీటర్ల లోతు నుంచి తిరిగొచ్చే వెలుగు, నీటి ఉపరితలం మెరుపు వచ్చిన 900 నానోసెకన్ల లోపే వస్తుంది. ఉపరితలం మెరుపు భయంకరమైన బలంతో ఉంటుంది. మా బల్ల మీద కూడా డిటెక్టరుకు ఒకసారి గట్టి మెరుపు తగిలితే, దాని వెనక కాసేపు లేనిపోని చిన్న చిన్న పల్సులు చూపిస్తుంది, మనకు ఫ్లాష్ కొట్టాక కళ్ళ ముందు మచ్చలు ఆడినట్టు. ఆ మచ్చల మధ్య 3 ఫోటాన్లను పట్టి, ఇవి సబ్‌మెరీన్‌వి, చేపల గుంపువి కావు, తిమింగలానివి కావు, పగటి ఎండవి కావు అని ప్రమాణం చేసి చెప్పాలి. నేనైతే మూడు ఫోటాన్ల మీద సంతకం పెట్టను.

పైగా ఎక్కడ కొట్టాలో ముందే తెలియాలి. బంగాళాఖాతం 20 లక్షల చదరపు కిలోమీటర్లకు పైనే. 50 మీటర్ల గళ్ళుగా కోస్తే 80 కోట్ల గళ్ళు. గడికి ఒక్క దెబ్బ చొప్పున, సెకనుకు 10 వేలు కొట్టినా 22 గంటలు. ఉపగ్రహం ఒక్కో చుట్టులో మన అఖాతం మీద ఉండేది అయిదు నిమిషాలు, రోజుకు మూడు చుట్లు తగిలితే ఎక్కువ. 22 గంటలు పూర్తి కావడానికి మూడు నెలలు పడుతుంది. మెల్లగా, గంటకు 5 నాటికల్ మైళ్ళ వేగంతో పోయే సబ్‌మెరీన్ ఒక్క రోజులో 220 కిలోమీటర్లు జరిగిపోతుంది. ఇక మబ్బులు. భూమి మీద ఏ క్షణాన చూసినా మూడింట రెండు వంతులు మబ్బు కిందే ఉంటుంది. లేజరు మబ్బులోంచి దూరదు. జూన్ నుంచి డిసెంబరు దాకా మన సముద్రం మీద ఆకాశం ఎలా ఉంటుందో చెన్నైవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

సబ్‌మెరీన్‌ను చూడకపోయినా అది పైన నీళ్ళలో లేపే ఉబ్బును చూడవచ్చు కదా అంటారు కొందరు. ఇది కాస్త లోతైన ఆలోచన, కొట్టిపారేయను. 100 మీటర్ల లోతున మెల్లగా పోయే పెద్ద సబ్‌మెరీన్ నీటి మట్టాన్ని లేపేది లెక్కకు ఒక మిల్లీమీటరు లోపే. దాని మీద మీటరు ఎత్తు అలలు ఎప్పుడూ ఆడుతూ ఉంటాయి. తక్కువ లోతులో, వేగంగా పోతే మాత్రం వెనక వదిలే జాడ పెరుగుతుంది, ఆ పని లేజరుకన్నా రాడారుకే తగినది. 1978లో సీశాట్ ఉపగ్రహం రాడారుతో సముద్రం లోపలి అలల గీతలను పైనుంచి చూపించిన దగ్గర్నుంచి ఈ ఆశ బతికే ఉంది. భయపడాల్సి వస్తే నేను దీని గురించి ముందు భయపడతాను.

ఒప్పుకోవాల్సినది ఇంకొకటి ఉంది. పెరిస్కోపు బయటపెట్టే లోతున, అంటే 15, 20 మీటర్లలో, లక్షద్వీపాల దగ్గరుండే తేట నీళ్ళలో, ఉపగ్రహం సరిగ్గా నెత్తి మీదుగా పోతే లేజరుకు సబ్‌మెరీన్ దొరుకుతుంది, సందేహం లేదు. తక్కువ ఎత్తున ఎగిరే హెలికాప్టర్లు లేజరుతో ఉపరితలానికి దగ్గరగా ఉన్న మైన్లను వెతకడం ఇప్పటికే నడుస్తున్న పని. విమానం మీంచి లేజరుతో తీరప్రాంతాల లోతులు కొలుస్తారు, అదీ కొన్ని పదుల మీటర్లే. ఉపగ్రహం కన్నా వెయ్యింతలు దగ్గరగా ఎగురుతూ కూడా వాళ్ళకు దక్కింది అంతే అని గమనించండి. నా ఊహా ఉపగ్రహం లెక్క ఎంత ఉదారమైనదో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంత పట్టుదలగా ఎందుకు రాస్తున్నానంటే, ఈ వీడియోలు అక్కలాంటివాళ్ళ నిద్ర చెడగొట్టడంతో ఆగవు. అణు క్షిపణులు మోసే మన సబ్‌మెరీన్లు అరిహంత్ 2016లో, అరిఘాత్ 2024లో నేవీలో చేరాయి. మన మీద ఎవరైనా అణుబాంబు వేస్తే తిరిగి కొట్టగలం అనే భరోసా ఆ సబ్‌మెరీన్లు కనిపించకపోవడం మీదే నిలబడి ఉంది. సముద్రం గాజుపలక అయిపోయిందని జనం, రేపు వాళ్ళు ఎన్నుకున్నవాళ్ళు నమ్మితే, కంగారులో తప్పు నిర్ణయాలు తీసుకుంటారు. కనిపించని దాన్ని కనిపిస్తుందని ప్రచారం చేయడం చిన్న అబద్ధం కాదు.

నీళ్ళు వెలుగును మింగుతాయి గానీ చప్పుడును మోస్తాయి. 1991 జనవరిలో దక్షిణ హిందూ మహాసముద్రంలో హర్డ్ దీవి దగ్గర ఓడ మీంచి నీళ్ళలోకి శబ్దం పంపితే, అమెరికా రెండు తీరాల దగ్గరా దాన్ని విన్నారు, 18 వేల కిలోమీటర్ల దాకా. అయిదున్నర మీటర్లకు నా పళ్ళెం మాయమైన ఆ నీళ్ళే చప్పుడును అంత దూరం తీసుకెళ్తాయి. సబ్‌మెరీన్ వేట నిజంగా నడిచేది చెవులతో. చెన్నై నుంచి రైలెక్కితే గంటన్నరలో అరక్కోణం. అక్కడ ఐఎన్ఎస్ రాజాలి నుంచి నేవీ పి-8ఐ విమానాలు లేస్తాయి. సముద్రం మీదికెళ్ళి, నీళ్ళలో చప్పుళ్ళు వినే సోనోబాయ్‌లను వరసగా జారవిడిచి, అవి పంపే శబ్దాలు వింటూ తిరుగుతాయి. సబ్‌మెరీన్ అతి దగ్గరగా ఉన్నప్పుడు దాని ఉక్కు వల్ల భూమి అయస్కాంత క్షేత్రంలో వచ్చే చిన్న తేడాను పసిగట్టే పరికరం కూడా తోకలో ఉంటుంది. డబ్బు, తెలివి, పిల్లల చదువులు అటు పోవాలి. నీటిలో శబ్దం గురించి పరిశోధించే కుర్రవాళ్ళు మన దగ్గర ఇంకా చాలామంది కావాలి. సముద్రం మీద పనిచేసే పరిశోధన సంస్థలు మనకున్నాయి: ఇక్కడ పళ్ళిక్కరణైలో ఎన్ఐఓటీ, కొచ్చిలో ఎన్‌పీఓఎల్, విశాఖలో ఎన్‌ఎస్‌టీఎల్. ఇంజనీరింగు పూర్తిచేసి ఏం చేయాలో తోచక కూర్చున్న పిల్లలు మీ ఇంట్లో ఉంటే ఆ గేట్లవైపు ఒకసారి చూడమనండి.

ఇదంతా రాసి, పోయిన శనివారం రాత్రి అక్కకు ఫోన్‌లో చదివి వినిపించాను. లెక్కల దగ్గర రెండుచోట్ల ఆపి మళ్ళీ చెప్పించుకుంది. పళ్ళెం దగ్గర ఏమీ మాట్లాడలేదు. చివర చప్పుడు సంగతి రాగానే, "ఉండ్రా" అంది. కాసేపు మౌనంగా ఉండి చెప్పింది. "అందుకేనేమో. ఇంటికొచ్చినప్పుడు కూడా మంచినీళ్ళు తాగి గ్లాసు బల్ల మీద పెడితే చప్పుడవదు. తలుపు వేస్తే చప్పుడవదు. రాత్రి లేచి తిరిగినా నాకు తెలీదు. వీడెప్పుడు నేర్చుకున్నాడ్రా ఇదంతా అనుకునేదాన్ని."